తీగ కొస సంగతి

సావనీర్‌కు ఏదైనా రాసి ఇమ్మని సంపాదకవర్గం మిత్రులు నన్ను పట్టుకున్నప్పుడు, "నాకు కవిత్వం రాదు, కథలు అసలే రావు" అని తప్పించుకోబోయాను. "రెండేళ్ళుగా ల్యాబులో కూర్చుని నువ్వు చేస్తున్నదేమిటో అదే రాయి" అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే నేను రెండేళ్ళుగా చేస్తున్నది తీగలకు కొసలు పెట్టడం. రోబో అనగానే అందరూ మోటార్ల గురించి అడుగుతారు, ప్రోగ్రాముల గురించి అడుగుతారు. ఒక మోటారుకూ ఇంకో మోటారుకూ మధ్య నడిచే జానెడు తీగ గురించి ఎవరూ అడగరు. మేమూ అడగలేదు. దాని ఫలితం మీలో చాలామంది కళ్ళారా చూశారు.

పోయిన సంవత్సరం మన టెక్నికల్ ఫెస్టు ప్రారంభోత్సవం గుర్తుండే ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన రోబో చేత చేయిద్దామని మా బృందానికి సరదా పుట్టింది. ఆరు మోటార్ల చెయ్యి, దాని వేళ్ళ మధ్య వెలిగించిన కొవ్వొత్తి, ఎదురుగా బంతిపూల దండ చుట్టిన కుంది. మొదటి వత్తి వెలిగింది. హాలంతా చప్పట్లు. రెండో వత్తి కోసం చెయ్యి మోచేతి దగ్గర వంగిందో లేదో, మణికట్టు ఒక్కసారిగా వాలిపోయింది. కొవ్వొత్తి తలకిందులై పూలదండ మీదికి దిగుతుంటే మా హెడ్ గారు చెయ్యి అడ్డుపెట్టి లాగేశారు. ఆయన వేలిమీద మైనం పడింది. ముఖ్య అతిథి గారు నవ్వి, తక్కిన వత్తులు తామే వెలిగించారు. వెనక వరసల్లోంచి వచ్చిన ఈలల సంగతి రాయక్కర్లేదు.

స్టేజీ వెనక్కి రాగానే లాప్‌టాప్ తెర మీద చూస్తే 'నాలుగో మోటారు నుంచి జవాబు లేదు, ఐదో మోటారు నుంచి జవాబు లేదు' అని వరసగా పడి ఉంది. ప్రోగ్రాం రాసింది సెకండ్ ఇయర్ కుర్రాడు. పదిమంది ముందు వాణ్ణి నిలబెట్టి నేనే అడిగాను, "ఒక్కసారైనా సరిగ్గా టెస్ట్ చేశావట్రా?" అని. "నిన్న రాత్రి నలభైసార్లు నడిచిందన్నా" అన్నాడు వాడు, తల వంచుకుని. మర్నాటి నుంచి ల్యాబుకు రావడం మానేశాడు.

మూడు వారాల తర్వాత చేతిని విప్పి అట్టపెట్టెలో సర్దుతున్నాను. మోచేతి దగ్గర కనెక్టరు పట్టుకుని లాగితే కనెక్టరు మోటారులోనే ఉండిపోయింది. ఎర్రతీగ ఒక్కటే నా చేతికొచ్చింది. తీగ కొసన లోహపు ముక్క లేదు. అది కనెక్టరు లోపలే ఉంది. ఆ తీగ నేను చేసిందే. నా చేత్తో, నోస్ ప్లయర్‌తో.

అసలు విషయానికి వద్దాం. ఆ చేతిలో వాడినవి కొరియాలోని రోబోటిస్ కంపెనీ వారి ఏఎక్స్-12 మోటార్లు. వీటి వైరింగు చూడ్డానికి చాలా సులువు. మోటారుకు మూడే తీగలు: ఒకటి గ్రౌండు, ఒకటి కరెంటు, ఒకటి సిగ్నలు. మొదటి మోటారు నుంచి రెండోదానికి, రెండో దాని నుంచి మూడోదానికి, బంతిభోజనంలో ఒకరి నుంచి ఒకరికి గిన్నె అందించినట్టు అదే గొలుసుగా పోతుంది. మధ్యలో ఒకరు చెయ్యి వదిలేస్తే ఆ తర్వాత కూర్చున్నవాళ్ళందరికీ పస్తే. కరెంటు తీగ వదిలితే ఆ తర్వాతి మోటార్లన్నీ సత్తువ పోయి వాలిపోతాయి. సిగ్నలు తీగ కొంచెం కదిలినా చాలు, వేరే తంటా. సిగ్నలు సెకనుకు పది లక్షల బిట్ల వేగంతో వెళ్తుంది, అంటే ఒక్కో బిట్టుకు ఒక్క మైక్రోసెకను. ఆ కాస్త సమయం తీగ కొస ఎడమైతే బిట్టు తప్పుతుంది, సందేశం చివర ఉండే చెక్‌సమ్ లెక్క కుదరదు, మోటారు ఆ సందేశాన్ని పట్టించుకోదు. కంప్యూటరుకు తెలిసేది 'జవాబు లేదు' అన్నదొక్కటే. తీగ తెగిందా, మోటారు చచ్చిందా, ప్రోగ్రాం తప్పా అన్నది దానికి తెలియదు. మనుషులం మనం మాత్రం ప్రోగ్రాం రాసినవాడి మీద పడతాం, ఎందుకంటే వాడు ఎదురుగా ఉంటాడు.

మోటార్లతో వచ్చే తీగలు మా చేతి మోచేతికి పొట్టి అయ్యాయి. పూర్తిగా వంగాలంటే మూరకు కొంచెం తక్కువ తీగ కావాలి. సొంతంగా చేసుకుందాం, ఏముంది, అని ముగ్గురం కోఠీలో దిగి గుజరాతీ గల్లీలోకి వెళ్ళాం. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ఆ గల్లీ గురించి చెప్పనక్కర్లేదు. దుకాణంలో, "మూడు పిన్నుల జె.ఎస్.టి. కనెక్టర్ ఇవ్వండి" అన్నాను, నాకేదో తెలిసినట్టు. కౌంటరు మీది పెద్దాయన అద్దాలు పైకి తోసుకుని, "ఏ జె.ఎస్.టి. బేటా? ఎక్స్‌హెచ్చా, పీహెచ్చా? ఆర్.ఎం.సి. కావాలె కావచ్చు నీకు, చూసుకో" అని నాలుగు రకాలు గాజు మీద పోశాడు. నాలుగూ తెల్లవే. నాలుగింటికీ మూడు కన్నాలే.

ఇక్కడే మొదటి పాఠం. జె.ఎస్.టి. అన్నది పేరు కాదు, ఇంటిపేరు. 1957లో మొదలైన జపాను కంపెనీ అది. జపాన్ సాల్డర్‌లెస్ టెర్మినల్ అన్న మాటలకు పొడి అక్షరాలు. సోల్డరింగ్ లేకుండా తీగ కలపడం వాళ్ళ పేరులోనే ఉంది. ఆ ఇంట్లో ఎక్స్‌హెచ్ పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు, పీహెచ్‌కు 2.0, జెడ్‌హెచ్‌కు 1.5, జీహెచ్‌కు 1.25, ఎస్‌హెచ్‌కు 1.0. ఇవి కాక ఈహెచ్ అని ఇంకొకటుంది, దానికీ 2.5 మిల్లీమీటర్లే, కాని ఎక్స్‌హెచ్‌లో దూరదు. రోబోటిస్ వారి కొత్త ఎక్స్ శ్రేణి మోటార్లకు ఈ ఈహెచ్ వాడారు. మా పాత ఏఎక్స్-12కు వాడింది అసలు జె.ఎస్.టి.యే కాదు, అమెరికా మోలెక్స్ కంపెనీది. దానికీ 2.5 మిల్లీమీటర్లే! ఊళ్ళోకి వెళ్ళి ఇంటిపేరు మాత్రమే చెప్పి, అదీ తప్పు ఇంటిపేరు చెప్పి, మనిషిని వెతికాం మేము.

పేర్ల గొడవ ఇంతటితో అయిపోలేదు. మనం ల్యాబులో 'బెర్గ్ స్ట్రిప్' అంటామే, ఆ పిన్నుల వరస, దాని మీద తొడిగే నల్ల కనెక్టరును విదేశాల్లో 'డ్యూపాంట్' అంటారు. రెండూ ఒకే గోత్రం. బెర్గ్ ఎలక్ట్రానిక్స్ అనే అమెరికా కంపెనీని 1972లో డ్యూపాంట్ వారు కొన్నారు. మనవాళ్ళ నోట కొన్న పెరట్లోని చెట్టు పాత యజమాని పేరుతో మిగిలింది, వాళ్ళ నోట కొత్త యజమాని పేరుతో మిగిలింది. ఇప్పుడది చేతులు మారి మారి ఆంఫినాల్ దగ్గరుంది. వీటి పిన్నుల దూరం 2.54, అంటే అంగుళంలో పదోవంతు. గల్లీలో ఆర్.ఎం.సి. లేక రెలిమేట్ అనేవాటికీ 2.54. ఈ 2.5కూ 2.54కూ తేడా చూపుకు అందదు. మూడు పిన్నులకు ఈ చివరి నుంచి ఆ చివరికి తేడా 0.08 మిల్లీమీటరే, బలవంతంగా నెడితే వెళ్ళిపోతుంది. పది పిన్నులైతే 0.36 అవుతుంది, అప్పుడు బయటపడుతుంది. చిన్న కనెక్టర్లే మోసగిస్తాయన్నమాట.

ఆ రోజు కనెక్టర్లు దొరకలేదు గాని తీగ కొనేశాం. గల్లీలో తీగను '7/36', '14/36' అని అడగాలి. మొదటి అంకె లోపల ఉండే రాగి పోగుల సంఖ్య. రెండోది ఒక్కో పోగు మందం, బ్రిటిష్ వారి గేజి లెక్కలో. 36వ నంబరు అంటే 0.193 మిల్లీమీటర్లు. లావుగా ఉంటే బలం కదా అని 14/36 అయిదు మీటర్లు తీసుకున్నాం. తీరా కనెక్టరు డేటాషీట్లు చూస్తే అమెరికా వారి గేజి, ఏ.డబ్ల్యు.జి. ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. లెక్క వేస్తే 7/36 తీగలో రాగి 0.205 చదరపు మిల్లీమీటర్లు, సరిగ్గా 24 గేజికి సమానం. 14/36లో దానికి రెట్టింపు, అంటే 21 గేజి. మనం వాడే ఈ తరహా చిన్న టెర్మినళ్ళు పట్టేది 22 నుంచి 28 దాకానే. ఈ లెక్క ఎవరైనా ముందు చెప్పి ఉంటే ఆ రోజు అయిదు మీటర్ల డబ్బులు మిగిలేవి. చెప్పకపోబట్టి ఏం చేశామంటే, కనెక్టర్లు తర్వాత ఆన్‌లైనులో సరైనవే తెప్పించి, ఈ లావు తీగలోంచి నాలుగు పోగులు కత్తిరించి పారేసి, మిగిలినవి టెర్మినల్‌లో దూర్చి, నోస్ ప్లయర్‌తో గట్టిగా నొక్కేశాం. క్రింపింగ్ టూల్ ధర చూసి, 'నొక్కడానికి ప్రత్యేకంగా పనిముట్టెందుకు?' అని అనుకున్నది కూడా నేనే. మల్టీమీటరు పెడితే బీప్ అంది. సంతోషించాం. ఆ బీప్ చెప్పేది ఆ క్షణాన తగిలి ఉన్నదని మాత్రమే. రేపు మోచెయ్యి వంగినప్పుడు తగిలి ఉంటుందని చెప్పదు.

ఎర్రతీగ చేతికొచ్చిన తర్వాత మన పూర్వ విద్యార్థి ఒకాయన సంక్రాంతి సెలవుల్లో కాలేజీకి వచ్చారు. కార్లకు వైరింగ్ తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం. నేను చేసిన తీగలన్నీ బల్ల మీద పరిచి, ల్యాబు భూతద్దంతో ఒక్కొక్కటే చూశారు. ఏమీ అనలేదు. కాసేపటికి, "నాయనా, ఇవి క్రింపులు కావు, మడతలు" అన్నారు. ఆ తర్వాత గంటన్నరసేపు ఆయన చెప్పింది నాకు నాలుగేళ్ళ చదువులో ఎక్కడా రాలేదు.

టెర్మినల్ అనే చిన్న రేకుముక్కకు రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగి పోగులను పట్టుకోవాలి. వెనక జత తీగ పైతొడుగును పట్టుకోవాలి. ముందు జత కరెంటు కోసం, వెనక జత కదలిక కోసం. మామూలు ప్లయర్‌తో నొక్కితే రెక్కలు ఒకదానిమీద ఒకటి పడుకుంటాయి, అంతే. లోపల పోగుల మధ్య గాలి ఉంటుంది. గాలి ఉన్నచోట రాగికి పొర కడుతుంది, పొర కట్టినచోట కరెంటుకు అడ్డం. సరైన పనిముట్టు దవడలో రెండు వంపులుంటాయి. నొక్కినప్పుడు రెక్కల కొసలు రెండూ ఆ వంపుల వెంట తిరిగి, లోపలికి మడిగి, పోగుల గుంపును మధ్యకు చీల్చుకుంటూ దిగుతాయి. అడ్డంగా కోసి చూస్తే పక్కకు వాల్చిన ఇంగ్లీషు 'బి' అక్షరంలా కనబడుతుంది. ఆ ఒత్తిడికి పోగుల గుండ్రతనం పోతుంది, మీది పొర చిట్లుతుంది, లోహం లోహానికి అతుక్కుంటుంది. మధ్యలో గాలికి చోటుండదు. ఫ్యాక్టరీలో ఈ నొక్కిన చోటు ఎత్తును మైక్రోమీటరుతో, మిల్లీమీటరులో నూరో వంతు దాకా కొలుస్తారట. ఎక్కువ నొక్కితే పోగులు తెగుతాయి, తక్కువ నొక్కితే ఊడతాయి. నేను నాలుగు పోగులు ముందే కత్తిరించిన సంగతి అప్పుడాయనకు చెప్పలేకపోయాను.

"మరి నొక్కిన తర్వాత ఒక చుక్క సోల్డర్ వేస్తే?" అని అడిగాను. చాలామంది చేసే పనే. ఆయన తల అడ్డంగా ఊపారు. కరిగిన సోల్డరు పోగుల సందుల్లోంచి దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు పైకి పాకుతుంది. పాకినంత మేరా తీగ పుల్లలా బిరుసెక్కుతుంది. బిరుసు ఆగి మెత్తన మొదలయ్యే చోట వంగి వంగి తెగుతుంది. కదలని పెట్టెలో ఫరవాలేదేమో గాని, రోజుకు వందసార్లు వంగే మోచేతిలో పనికిరాదు. ముందే సోల్డరు పూసిన పోగులను క్రింప్ చేయడం ఇంకా తప్పు. సోల్డరు మెత్తని లోహం, ఒత్తిడిలో ఉంచితే మెల్లగా జారుతుంది, పట్టు సడలుతుంది. నాసా వారి 8739.4 ప్రమాణంలో ఈ పని నిషిద్ధమని రాసే ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1941లో, ఏ.ఎమ్.పి. అనే అమెరికా కంపెనీ పుట్టిందే విమానాలకూ ఓడలకూ సోల్డరు లేని కొసలు తయారుచేయడానికి. విమానంలో పనికొచ్చింది మన బల్ల మీద పనికిరాదా?

ఇక పనిముట్టు వెతుకులాట. టెర్మినల్ తయారుచేసే కంపెనీలు ఒక్కో టెర్మినల్‌కు ఒక్కో చేతి పనిముట్టు తామే అమ్ముతాయి. ఎక్స్‌హెచ్‌కు జె.ఎస్.టి. వారిది ఉంది. అన్నిటికంటే మంచివి అవే. ధర కొన్ని వందల డాలర్లు, కాలేజీ కుర్రాళ్ళు కొనేవి కావు. రెండో దారి, చైనా నుంచి వచ్చే ఎస్.ఎన్.-28బి లాంటి రాచెట్ టూల్. పూర్తిగా నొక్కేదాకా వదలదు, అదే దాని గొప్ప. రెండు జతల రెక్కలనూ ఒక్క నొక్కులో మడుస్తుంది. బెర్గ్, అంటే డ్యూపాంట్, టెర్మినళ్ళకు దీంతో పని బాగానే జరుగుతుంది. డబ్బా మీద 'అన్నిటికీ సరిపోతుంది' అని ఉంటే మాత్రం నమ్మవద్దు. ఒక్కో టెర్మినల్ రెక్కల ఎత్తు ఒక్కో రకం. అందరికీ ఒకే చెప్పు తొడుగుతామంటే ఎలా? మూడో దారి, జపాన్‌లో ఇంజినీర్ అనే కంపెనీ చేసే పి.ఏ.-09. దీనికి రాచెట్ లేదు. 1.0, 1.4, 1.6, 1.9 మిల్లీమీటర్ల నాలుగు గూళ్ళుంటాయి. రాగి రెక్కలు ఒక గూట్లో, తొడుగు రెక్కలు ఇంకో గూట్లో, విడివిడిగా నొక్కాలి. నిదానం పని, చేతికి అలవాటు కావాలి, కాని చిన్న టెర్మినళ్ళు చాలా రకాలకు పనికొస్తుంది. ఆ పూర్వ విద్యార్థి గారు తమ పాతది ఒకటి ల్యాబుకు ఇచ్చి వెళ్ళారు. రాచెట్ టూల్ మేం చందాలేసుకుని కొన్నాం. నా ఓటు నిదానమైనదానికే.

కొనే వరస గురించి ఒక మాట. మేం తీగ ముందు కొన్నాం, తర్వాత కనెక్టరు, పనిముట్టు అసలే కొనలేదు. సరిగ్గా తిరగేసి చేయాలి. మోటారు కంపెనీ ఇచ్చిన బొమ్మలో కనెక్టరు నంబరు చూడండి. ఆ హౌసింగ్ డేటాషీట్‌లో దానికి సరిపడే టెర్మినల్ నంబరుంటుంది. ఉదాహరణకు ఎక్స్‌హెచ్ మూడు పిన్నుల హౌసింగ్ ఎక్స్‌హెచ్‌పి-3. దాని టెర్మినల్ ఎస్‌ఎక్స్‌హెచ్-001టి-పి0.6. ఆ టెర్మినల్ షీటులో తీగ గేజి 22 నుంచి 28 అని, పైతొడుగుతో కలిపి తీగ మందం 0.9 నుంచి 1.9 మిల్లీమీటర్లని ఉంటుంది. ఈ రెండో అంకె ఎవరూ చూడరు. మెత్తగా ఉంటుందని సిలికాన్ తీగ కొంటారు; లోపల రాగి సరిపోతుంది, పైన తొడుగు రెక్కల్లో పట్టదు. తీగ తేలాక పనిముట్టు. మౌసర్, డిజీ-కీ, ఎలిమెంట్14 లాంటి చోట్ల టెర్మినళ్ళు రీలు మొత్తం కొనక్కర్లేదు, వందో రెండు వందలో తునక కత్తిరించి ఇస్తారు. హౌసింగులు లెక్కకు కొనండి, టెర్మినళ్ళు లెక్కకు రెట్టింపు కొనండి. మొదటి పాతిక ఎలాగూ చెడతాయి. పోస్టు ఖర్చు ఎక్కువ గనక మూడు బృందాలు కలిసి తెప్పించుకోవడం మేలు. పనిముట్టు కుదరనివాళ్ళకు రెండు కొసలా ఫ్యాక్టరీలోనే క్రింప్ చేసిన తీగలు దొరుకుతాయి. హౌసింగులో నెట్టుకోవడమే పని. అందులో నామోషీ ఏమీ లేదు.

చేసిన క్రింపును నమ్మే ముందు లాగి చూడాలి. 24 గేజి తీగకు పరిశ్రమలో పెట్టుకున్న కనీసపు పట్టు అయిదు పౌన్లు, అంటే సుమారు రెండుంపావు కిలోలు. మా ల్యాబులో తక్కెడ లేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా నిండా నీళ్ళు పోసి, మూతకు కొక్కెం కట్టి, ఇంకో పావుకిలో బోల్టులు సంచిలో వేసి తగిలిస్తే లెక్క సరిపోతుంది. టెర్మినల్‌ను వైసులో బిగించి సీసాను తీగకు వేలాడదీయాలి. వెనక రెక్కలను మడవకుండా, రాగి రెక్కల పట్టు ఒక్కటే పరీక్షించాలి. పరీక్షించిన ముక్క రోబోలో వాడకూడదు, చెత్తబుట్టలో వేయాలి. నా పాత నోస్ ప్లయర్ తీగల్లో మిగిలినవి పదకొండు. సీసా వేలాడదీస్తే తొమ్మిది జారిపోయాయి.

ఆ తొమ్మిదీ కాగితంలో చుట్టి, సెకండ్ ఇయర్ కుర్రాడి హాస్టలు గదికి వెళ్ళాను. తలుపు తీసి, "ఏందన్నా?" అన్నాడు. కాగితం విప్పి మంచం మీద పెట్టాను. ఎర్రతీగ విడిగా చూపించాను. "నీ ప్రోగ్రాంలో తప్పు లేదురా. తప్పు ఇది. ఇది నేను చేసింది" అన్నాను. వాడు ఆ తీగను వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశాడు. చాలాసేపటికి, "పదిమందిలో అన్నావు కదన్నా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. మర్నాడు డిపార్టుమెంటు మీటింగులో, హెడ్ గారి ముందు, అదే పదిమంది ముందు, తీగ చూపించి మళ్ళీ చెప్పాను. అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను, ఆ రోజు హాల్లో ఈల వేసినవాళ్ళకు కూడా తెలియాలని.

వాడు వారం తర్వాత వచ్చాడు. వస్తూనే ప్రోగ్రాం తెరవలేదు. కొత్తగా చేసిన మోచేతి తీగను పరీక్షకిమ్మన్నాడు. "వాడే తీగను లాగకూడదురా, జత ముక్క ఉంది, అది లాగు" అంటే సీసా తగిలించి బల్ల పక్కన కూర్చుని పది నిమిషాలు చూశాడు. సీసా ఊగింది గాని ఊడలేదు. ఇప్పుడు చేతిలోని అయిదు తీగలూ 7/36తో, సరైన టెర్మినళ్ళతో, కొత్తగా చేసినవి.

ల్యాబులో పని చేయదలచినవారికి: రెండు పనిముట్లూ ఇ.సి.ఇ. ప్రాజెక్ట్ ల్యాబు బీరువాలో మూడో అరలో ఉన్నాయి. తాళం అటెండరు గారి దగ్గర, రిజిస్టరులో సంతకం చేసి తీసుకోవాలి. టెర్మినళ్ళు హార్లిక్స్ సీసాల్లో వేసి, పైన కంపెనీ పేరు, శ్రేణి పేరు, గేజి రాసి అంటించాం. దయచేసి ఒకదానివి ఇంకోదానిలో పోయకండి. నీళ్ళ సీసా కిటికీ దగ్గర ఉంటుంది. దాహమేసి ఎవరూ తాగవద్దు, అవి కిందటి సెమిస్టరు నీళ్ళు.